విండోస్ 10కి సపోర్ట్ బంద్.. పాత కంప్యూటర్ మూలన పడేయాల్సిందేనా? లినక్స్‌కి మారేముందు ఇవి తెలుసుకోండి

కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది. కీబోర్డ్ బాగుంది, స్క్రీన్ బాగుంది. కానీ ఆన్ చేసినప్పుడల్లా 'విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది' అంటూ మెసేజ్ వస్తోంది. పోనీ విండోస్ 11కి వెళ్దామా అంటే, 'మీ కంప్యూటర్ అందుకు అర్హం కాదు' అంటోంది. ఇళ్లల్లో, చిన్న చిన్న ఆఫీసుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఇప్పుడు చాలామందికి ఎదురవుతున్న సమస్య ఇదే.

2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లనే ఒప్పుకుంటుంది. అంటే 2017కి ముందు కొన్న మెషీన్లలో చాలావాటికి అధికారికంగా దారి మూసుకుపోయినట్టే.

మరి ఏం చేయాలి? మన ముందు నాలుగు దారులున్నాయి. కొత్త కంప్యూటర్ కొనడం, ఏడాది గడువు తీసుకోవడం, అప్‌డేట్లు లేకుండానే లాగించడం, లేదా లినక్స్‌కి మారడం. 'లినక్స్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకే కదా' అని చాలామంది నాలుగో దారి వైపు చూడరు. ఇంకొందరేమో 'ఫ్రీ కదా' అని వెంటనే మారిపోయి, వారం తిరక్కుండా మళ్లీ విండోస్ వేయించుకుంటారు. ఈ రెండూ తప్పే. మీరు కంప్యూటర్‌తో ఏం పని చేస్తారన్న దాన్ని బట్టే నిర్ణయం ఉండాలి. సర్వర్ విషయంలో జవాబు దాదాపు తేలిపోయింది. డెస్క్‌టాప్ విషయంలో మాత్రం కాస్త లెక్క వేసుకోవాలి. అదెలాగో చూద్దాం.

అసలు లినక్స్ అంటే ఏంటి?

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు 1991 ఆగస్టులో తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నట్టు ప్రకటించాడు. సరదాగా మొదలుపెట్టిన పని అది. 1992లో దాన్ని జీపీఎల్ అనే లైసెన్స్ కిందకు తెచ్చాడు. అంటే కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. మార్చినదాన్ని ఇతరులకు ఇస్తే, ఆ మార్పుల కోడ్ కూడా ఇవ్వాలి. దీనికి ముందే, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్ట్ నుంచి వచ్చిన టూల్స్ తోడవడంతో పూర్తి స్థాయి సిస్టమ్ తయారైంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. లినక్స్ అంటే నిజానికి కెర్నల్ మాత్రమే. అంటే హార్డ్‌వేర్‌కీ, మనం వాడే ప్రోగ్రాములకీ మధ్య ఉండే అసలు ఇంజిన్. లారీ సంగతి తీసుకోండి. చాసిస్, ఇంజిన్ కంపెనీ నుంచి వస్తాయి. బాడీ మాత్రం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కట్టించుకుంటారు. ఇసుక లారీకి ఒక బాడీ, ఆయిల్ ట్యాంకర్‌కి ఇంకో బాడీ. లినక్స్ కూడా అంతే. ఒకే కెర్నల్ చుట్టూ రకరకాల 'బాడీలు' కడతారు. వాటినే డిస్ట్రిబ్యూషన్లు లేదా డిస్ట్రోలు అంటారు. 1993 నుంచి ఉన్న డెబియన్, 2004లో వచ్చిన ఉబుంటు, 2006లో మొదలైన లినక్స్ మింట్, కంపెనీల కోసం ఉన్న రెడ్ హ్యాట్.. ఇవన్నీ అలాంటివే.

'మేమెప్పుడూ లినక్స్ వాడలేదు' అంటారా? మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నల్ మీదే. ఇంట్లో వైఫై రూటర్లు, స్మార్ట్ టీవీల్లో చాలావాటి లోపల ఉన్నదీ అదే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటుంది. అందులోని 500కి 500 మెషీన్లూ 2017 నవంబర్ నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. అదే డెస్క్‌టాప్‌ల దగ్గరికొస్తే లినక్స్ వాటా ప్రపంచవ్యాప్తంగా 4 శాతం చుట్టుపక్కలే. ఇంత తేడా ఎందుకు?

సర్వర్లలో లినక్స్‌దే హవా.. కారణాలివే

సర్వర్ అంటే మనం ముందు కూర్చుని వాడే కంప్యూటర్ కాదు. ఎక్కడో ఒక గదిలోనో, డేటా సెంటర్‌లోనో రాత్రీపగలూ నడుస్తూ వెబ్‌సైట్, డేటాబేస్, యాప్ లాంటివి అందించే మెషీన్. దానికి స్టార్ట్ మెనూ అక్కర్లేదు, వాల్‌పేపర్ అక్కర్లేదు. ఆగకుండా నడవడం, తక్కువ ఖర్చు, దూరం నుంచి సరిచేసే వీలు.. కావాల్సింది ఇంతే.

మొదటిది లైసెన్స్ ఖర్చు. విండోస్ సర్వర్‌కి ప్రాసెసర్ కోర్ల లెక్కన లైసెన్స్ కొనాలి. సర్వర్‌లో 8 కోర్లే ఉన్నా కనీసం 16 కోర్లకు కట్టాల్సిందే. ఆపైన ఆఫీసులో ఆ సర్వర్‌ని వాడే ఒక్కో మనిషికో, ఒక్కో కంప్యూటర్‌కో యాక్సెస్ లైసెన్స్ వేరే. క్లౌడ్‌లో మెషీన్ అద్దెకు తీసుకున్నా, అదే సైజు మెషీన్‌కి లినక్స్ కంటే విండోస్ రేటు ఎక్కువ. లైసెన్స్ ఖర్చు గంట అద్దెలో కలిసిపోతుంది కాబట్టి. డెబియన్, ఉబుంటు సర్వర్ లాంటివాటికి ఈ లెక్కలేవీ ఉండవు. ఎన్ని సర్వర్ల మీద వేసుకున్నా, ఎంతమంది వాడినా లైసెన్స్ ఖర్చు సున్నా.

రెండోది బరువు. గ్రాఫిక్స్ స్క్రీన్ లేకుండా లినక్స్ సర్వర్ నడుస్తుంది కాబట్టి 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న క్లౌడ్ మెషీన్ మీద కూడా ఒక మామూలు వెబ్‌సైట్ పెట్టేయొచ్చు. మూడోది దూరం నుంచి నడిపే వీలు. ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షితమైన కనెక్షన్‌తో, నెట్ స్లోగా ఉన్నా సరే, కమాండ్లు కొట్టి పని కానిచ్చేయొచ్చు. ఒకే పనిని వంద సర్వర్ల మీద చేయాలంటే ఒక స్క్రిప్ట్ రాస్తే చాలు.

నాలుగోది, ఇవాళ్టి టెక్నాలజీ మొత్తం పెరిగింది లినక్స్ మీదే. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్లు, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు, డాకర్, కుబెర్నెటిస్.. వీటికి సొంతిల్లు లినక్సే. డాకర్ కంటైనర్లయితే లినక్స్ కెర్నల్‌లోని సదుపాయాల ఆధారంగానే పుట్టాయి. హైదరాబాద్ అమీర్‌పేటలో డెవాప్స్, క్లౌడ్ కోర్సుల్లో మొదటి వారాల్లోనే లినక్స్ కమాండ్లు నేర్పేది ఇందుకే. కాబట్టి ఐటీ ఉద్యోగం వైపు చూస్తున్న విద్యార్థి ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ వాడటం మొదలుపెడితే, రేపు చేయబోయే పనికి ఇవాళే చేయి తిరుగుతుంది.

మరి విండోస్ సర్వర్‌కి పనే లేదా? ఉంది. వందల మంది ఉద్యోగుల లాగిన్లు, పర్మిషన్లు ఒకేచోట నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ వాడే కంపెనీలకు, పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద రాసిన ప్రోగ్రాములున్న సంస్థలకు విండోస్ సర్వరే సులువు. ఆఫీసులో ట్యాలీ లాంటి విండోస్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ని నలుగురు కలిసి వాడాలన్నా అంతే. నడుస్తున్న దాన్ని కదిలించి తలనొప్పి తెచ్చుకోవడం కంటే లైసెన్స్ కట్టడమే కొన్నిసార్లు చవక.

మైక్రోసాఫ్ట్ కూడా మనసు మార్చుకుంది

2001లో అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చారు. 2014లో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ఇష్టమని స్టేజీ మీద ప్రకటించారు. అది మాటతో ఆగలేదు. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వచ్చింది. 2017లో మైక్రోసాఫ్ట్ తన ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని లినక్స్ మీదకు తెచ్చింది. ఆ కంపెనీ క్లౌడ్ అయిన అజూర్‌లో ఇప్పుడు సగానికి పైగా నడుస్తున్నది లినక్సే. అంటే సర్వర్ల దగ్గర పోటీ ముగిసింది. అక్కడ విండోస్ తయారుచేసిన కంపెనీయే లినక్స్‌ని అద్దెకిస్తోంది!

డెస్క్‌టాప్: ఎవరికి సరిపోతుంది?

ఇక మన ఇంటి, ఆఫీసు కంప్యూటర్ల సంగతికి వద్దాం. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న 'ఏది గొప్ప?' అని కాదు. 'నా పని ఎక్కడ జరుగుతుంది?' అని.

మీ పనిలో ఎక్కువ భాగం బ్రౌజర్‌లోనే జరుగుతుందా? యూట్యూబ్, జీమెయిల్, వాట్సాప్ వెబ్, నెట్ బ్యాంకింగ్, ఆన్‌లైన్ క్లాసులు, రైలు టికెట్లు.. వీటికి లినక్స్ బాగా సరిపోతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్కడ ఉన్నాయి. జూమ్ ఉంది, వీఎల్‌సీ ఉంది. ఉత్తరాలు, బయోడేటా, మామూలు లెక్కల షీట్లకు లిబ్రే ఆఫీస్ ఉచితంగా వస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులకైతే పైథాన్, సీ, జావా లాంటివాటికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పాత మెషీన్లకు ఇంకో లాభం కూడా ఉంది. లినక్స్ మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఒక ఎస్‌ఎస్‌డీ వేయిస్తే, ఆరేడేళ్ల నాటి ల్యాప్‌టాప్ కూడా చురుగ్గా పనిచేస్తుంది. కొత్తది కొనే డబ్బులో చిన్న భాగంతో ఇంకొన్నేళ్లు గడిచిపోతాయి. అయితే 32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత మెషీన్లకు ఈ సలహా వర్తించదు. పెద్ద డిస్ట్రోలు చాలావరకు వాటిని వదిలేశాయి.

మన పక్కనే ఉన్న కేరళ ఈ పని పెద్ద ఎత్తున చేసి చూపించింది. అక్కడి ప్రభుత్వ స్కూళ్ల కంప్యూటర్ ల్యాబుల్లో 2000వ దశకం నుంచే లినక్స్ వాడకం మొదలైంది. కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా స్కూళ్ల కోసం ప్రత్యేకంగా సిస్టమ్ తయారుచేసి ఇస్తోంది. పాఠ్యపుస్తకాలు కూడా ఆ సాఫ్ట్‌వేర్‌కి తగ్గట్టే ఉంటాయి. టీచర్లకు ముందే ట్రైనింగ్ ఇస్తారు. కేరళ విజయం లినక్స్ ఉచితం కావడం వల్ల మాత్రమే రాలేదు. నేర్పే మనుషులు, రిపేర్ చేసే మనుషులు ఉండటం వల్ల వచ్చింది.

ఎవరికి సరిపోదు? ముందే చెప్పుకుందాం

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కాబట్టి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి.

డీటీపీ, ఫ్లెక్సీ, పెళ్లి కార్డుల పని చేసేవాళ్లు: తెలుగు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరెల్ డ్రా, అను ఫాంట్లు ఉంటేనే పని నడుస్తుంది. ఇవి లినక్స్‌కి నేరుగా రావు. అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లు యూనికోడ్ కావు. వాటిని లినక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లన్నీ అందులోనే ఉంటే మారొద్దు.

అకౌంటెంట్లు: ట్యాలీ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్. వైన్ అనే టూల్‌తో లినక్స్‌లో కొన్ని విండోస్ ప్రోగ్రాములు నడపొచ్చు. కానీ నెలాఖరున జీఎస్‌టీ రిటర్న్ వేయాల్సిన రోజు అది మొరాయిస్తే ఎవరిని అడుగుతారు? పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు కూడా కొన్ని లినక్స్‌లో సరిగా పనిచేస్తాయి, కొన్ని సతాయిస్తాయి.

సర్వీస్ సెంటర్లు: వేలిముద్ర మెషీన్లు పెట్టుకుని ఆధార్ ఆధారిత సేవలు అందించేవాళ్లకు ఆ డివైజ్‌ల డ్రైవర్లు ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌లకే దొరుకుతాయి. డివైజ్ కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇస్తోందో లేదో చూడకుండా అడుగు వేయొద్దు.

ఇంజినీరింగ్ డిజైన్, గేమ్స్: ఆటోక్యాడ్ లినక్స్‌లో లేదు. గేమ్స్ విషయంలో మాత్రం పరిస్థితి బాగా మారింది. 2022లో లినక్స్ మీద నడిచే స్టీమ్ డెక్ వచ్చాక, ప్రోటాన్ అనే టూల్‌తో చాలా విండోస్ గేమ్స్ నడుస్తున్నాయి. కానీ వాలొరెంట్ లాంటి యాంటీ చీట్ ఉన్న ఆన్‌లైన్ గేమ్స్ నడవవు.

ఆన్‌లైన్ పరీక్షలు రాసేవాళ్లు: ఇంటి నుంచి రాసే కొన్ని పరీక్షలకు నిఘా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. వాటిలో చాలావరకు విండోస్, మ్యాక్‌లకే ఉంటాయి. పరీక్ష ముందు రోజు ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఎంఎస్ ఆఫీస్ విషయంలోనూ ఓ మాట. బ్రౌజర్‌లో వర్డ్, ఎక్సెల్ వాడుకోవచ్చు. లిబ్రే ఆఫీస్ కూడా ఆ ఫైళ్లు తెరుస్తుంది. కానీ మ్యాక్రోలున్న పెద్ద ఎక్సెల్ షీట్లు, క్లిష్టమైన డిజైన్ ఉన్న వర్డ్ ఫైళ్లు అక్కడక్కడా చెదిరిపోతాయి. రోజూ పై ఆఫీసుకి అలాంటి ఫైళ్లు పంపేవాళ్లు ముందే పరీక్షించి చూసుకోవాలి.

మరి తెలుగు సంగతి?

అను ఫాంట్ల సమస్య పక్కనపెడితే, యూనికోడ్ తెలుగుకి లినక్స్‌లో లోటు లేదు. ఐబస్ అనే సదుపాయంతో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ గానీ, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి గానీ పెట్టుకోవచ్చు. లోహిత్, పోతన, వేమన లాంటి ఉచిత ఫాంట్లు దొరుకుతాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు మెనూలు సైతం తెలుగులో కనిపించే లినక్స్‌ని తయారుచేశారు. కోడ్ అందరి చేతిలో ఉంటే ఇదే లాభం. 'మా భాషకు మార్కెట్ ఉందా?' అని ఏ కంపెనీనీ అడగక్కర్లేదు. చేయగలిగినవాళ్లు కూర్చుని చేసేయొచ్చు.

లినక్స్‌కి వైరస్ రాదా? నిజమెంత?

'లినక్స్‌కి వైరస్ రాదు' అనేది సగం నిజం. డెస్క్‌టాప్ వాటా తక్కువ కాబట్టి మామూలు జనాన్ని టార్గెట్ చేసే వైరస్‌లు ఎక్కువగా విండోస్ మీదే పడతాయి. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్లు చాలావరకు డిస్ట్రో సొంత స్టోర్ నుంచే వస్తాయి కాబట్టి, ఏదో వెబ్‌సైట్ నుంచి క్రాక్ డౌన్‌లోడ్ చేసుకునే అవసరం తక్కువ. రక్షణలో సగం ఇక్కడే ఉంది.

2017 మేలో వన్నాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా విండోస్ కంప్యూటర్లు లాక్ అయిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీస్ శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అసలు విషయం ఏంటంటే.. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ చేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఇప్పుడు సపోర్ట్ ముగిసిన విండోస్ 10ని అలాగే నడిపేవాళ్లు ఉన్నది సరిగ్గా ఆ పరిస్థితిలోనే.

లినక్స్ కథ కూడా వినాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగ దారి పెట్టినట్టు బయటపడింది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేస్తూ, బాధ్యత చేతికి వచ్చాక ఆ పని చేశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన సర్వర్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని తవ్వి దాన్ని పట్టుకున్నాడు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగే కావడం విశేషం. స్థిరంగా వాడే డిస్ట్రోల్లోకి అది చేరేలోపే ఆపేశారు. కోడ్ తెరిచి ఉండటం వల్లే దొంగ లోపలికి రాగలిగాడు, కోడ్ తెరిచి ఉండటం వల్లే దొరికాడు కూడా.

ఇంకో ఉదాహరణ 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో నిలిచిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు అదే. తప్పు విండోస్‌ది కాదు. కానీ అన్ని మెషీన్లూ ఒకే రకంగా ఉంటే, ఒక్క పొరపాటు అన్నిటినీ పడేస్తుందని అందరికీ అర్థమైంది.

మొత్తానికి తేలేది ఇదే. అప్‌డేట్లు అందుతున్న ఏ సిస్టమ్ అయినా, అప్‌డేట్లు ఆగిన ఏ సిస్టమ్ కంటే అయినా మేలు. పాస్‌వర్డ్ 'అడ్మిన్123' అని పెట్టి నెట్‌కి వదిలేస్తే లినక్స్ సర్వర్ కూడా పూట గడవకుండానే హ్యాక్ అవుతుంది.

'ఫ్రీ' వెనకున్న ఖర్చులు

మన దగ్గర ఒక చిత్రమైన పరిస్థితి ఉంది. చాలామంది విండోస్‌కి డబ్బు కట్టరు. కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నప్పుడో, ఫార్మాట్ చేయించినప్పుడో షాపతను ఏదో ఒక క్రాక్ కాపీ వేసి ఇచ్చేస్తాడు. అందుకే 'లినక్స్ ఫ్రీ' అని చెప్తే మనవాళ్లకు పెద్దగా ఎక్కదు. 'విండోస్ కూడా ఫ్రీయే కదా' అంటారు! కానీ ఆ క్రాక్‌లో ఇంకేం కలిపారో ఎవరికీ తెలియదు. అదే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొడతాం. పైగా వ్యాపార సంస్థలకు లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్ చట్టపరంగా ముప్పే. లినక్స్‌లో ఆ భయం లేదు. అది దొంగచాటు ఫ్రీ కాదు, హక్కుగా ఇచ్చిన ఫ్రీ.

అలాగని లినక్స్‌కి ఖర్చే లేదనుకోవద్దు. నేర్చుకునే సమయం ఖర్చే. వీధి చివరి రిపేర్ షాపతనికి లినక్స్ రాకపోతే, ఏదైనా ఆగినప్పుడు మీరే వెతుక్కోవాలి. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక సంస్థ 2003లో లినక్స్‌కి మారాలని నిర్ణయించింది. 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లు మార్చేసింది. కానీ 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని తీర్మానించింది. బయటివాళ్లతో ఫైళ్లు మార్చుకోవడంలో ఇబ్బందులు, ఉద్యోగుల ఫిర్యాదులు, పాలకుల మార్పు అన్నీ కలిశాయి. మరోపక్క అదే జర్మనీలోని ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30 వేల కంప్యూటర్లను లినక్స్‌కి మారుస్తామని 2024లో ప్రకటించింది. ఒకే దేశంలో రెండు అనుభవాలు!

సర్వర్ వాళ్లకూ ఒక హెచ్చరిక. రెడ్ హ్యాట్‌కి ఉచిత రూపంగా లక్షల సర్వర్ల మీద నడిచిన సెంట్ ఓఎస్ 8కి అనుకున్నదానికంటే ఎన్నో ఏళ్ల ముందే, 2021 డిసెంబర్‌తో సపోర్ట్ ఆపేశారు. సెంట్ ఓఎస్ 7 కూడా 2024 జూన్ 30తో ముగిసింది. వాడేవాళ్లంతా ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ లాంటివాటికి పరుగెత్తాల్సి వచ్చింది. అక్కడ మంచి విషయం ఏంటంటే, కోడ్ అందుబాటులో ఉంది కాబట్టి కొన్ని నెలల్లోనే ప్రత్యామ్నాయాలు వచ్చేశాయి. కాబట్టి ఏది ఎంచుకున్నా సపోర్ట్ తేదీ చూసుకోవాలి. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్‌కి, దాని ఆధారంగా వచ్చిన లినక్స్ మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు అందుతాయి.

మారాలనుకుంటే.. ఇలా చేయండి

మొదట ఒక కాగితం తీసుకుని, వారంలో మీరు (ఇంట్లోవాళ్లు కూడా) వాడే ప్రోగ్రాములు, ప్రింటర్, స్కానర్ లాంటి డివైజ్‌లు అన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన 'లినక్స్‌లో ఉంది', 'బదులు ఉంది', 'లేదు' అని గుర్తు పెట్టండి. 'లేదు' అన్న చోట మీకు అన్నం పెట్టే పని ఉంటే అక్కడితో ఆగిపోండి.

రెండోది, విండోస్‌లో ఉండగానే లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, జింప్ లాంటివి ఓ రెండు వారాలు వాడి చూడండి. ఇవి విండోస్‌లోనూ ఉచితమే. అలవాటు కుదిరితే సగం పని అయిపోయినట్టే.

మూడోది బ్యాకప్. ఫొటోలు, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ మీద పడేసిన ఫైళ్లు అన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. ఎక్కించాక వాటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఈ మెట్టు మాత్రం ఎవరు చెప్పినా దాటేయొద్దు.

నాలుగోది, ఇన్‌స్టాల్ చేయకుండానే చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లినక్స్ మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ దించుకుని, రూఫస్ అనే చిన్న టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, జాగ్రత్త. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 లాంటి బూట్ మెనూ కీ నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే లినక్స్ తెరుచుకుంటుంది. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, ప్రింటర్ దొరుకుతోందా.. అన్నీ చూడండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు. కొన్ని కంపెనీల పాత లేజర్ ప్రింటర్లు, కొన్ని వైఫై చిప్‌లు మాత్రం సతాయిస్తాయి.

ఐదోది, అంతా బాగుంటే ఇన్‌స్టాల్ చేయండి. రెండూ కావాలంటే విండోస్ పక్కనే లినక్స్ పెట్టుకోవచ్చు. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. అంతకంటే క్షేమం, లినక్స్ కోసం వేరే ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'డిస్క్ మొత్తం చెరిపేయి' అన్న ఆప్షన్ దగ్గర మాత్రం రెండుసార్లు చదివి నొక్కండి. ఆ తర్వాత మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసుకుంటే, ఏదైనా చెడిపోయినా సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తెచ్చుకోవచ్చు.

ఏది ఎంచుకోవాలన్న అయోమయం వద్దు. విండోస్ అలవాటున్నవాళ్లకు లినక్స్ మింట్ సిన్నమన్. 4 జీబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఉంటే మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ. సర్వర్‌కైతే డెబియన్, ఉబుంటు ఎల్‌టీఎస్, ఆల్మా, రాకీలలో ఏదైనా ఒకటి.

మారలేనివాళ్ల మాటేంటి?

పై జాబితాలో మీ పని 'లేదు' అని తేలితే కంగారు అక్కర్లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీమ్ పెట్టింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఉచితంగానే నమోదు కావొచ్చు. లేదంటే 1000 రివార్డ్ పాయింట్లు గానీ, 30 డాలర్లు గానీ చెల్లించాలి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో ఈ ఆప్షన్ కనిపిస్తుంది. ఆ గడువులోగా కొత్త మెషీన్‌కి డబ్బు సమకూర్చుకోవచ్చు. కొన్నాక పాతదాంట్లో లినక్స్ వేసి పిల్లల చదువుకి ఇచ్చేయొచ్చు.

చేయకూడనిది ఒక్కటే. అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్‌లో 'ఇన్నాళ్లూ ఏం కాలేదుగా' అనుకుంటూ బ్యాంకు లావాదేవీలు, ఆఫీసు లెక్కలు నడపడం. పాత కంప్యూటర్‌ని స్క్రాప్‌కి వేసేముందు ఒక ఆదివారం, ఒక పెన్‌డ్రైవ్ పక్కన పెట్టండి. వైఫై, సౌండ్, ప్రింటర్ మూడూ పనిచేసి, మీ జాబితాలో 'లేదు' అన్నదేదీ లేకపోతే, ఆ మెషీన్‌కి ఇంకా ఆయుష్షు ఉన్నట్టే.